ప్రభు బల్ల మీద రెండు రొట్టెలు

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది. పిక్క తొక్కలోంచి కారే నూనె అంటి చేతులు నల్లబడిపోతాయి. బూడిద రాసినా, ఆముదం రాసినా ఆ నలుపు పోదు. మా వీధిలో ఆడవాళ్లందరి చేతులూ అంతే. దాన్ని మురికి అని ఎవరూ అనుకోలేదు. ఆ మాట మేం చర్చిలోనే విన్నాం.

మా సంఘంలో నెలకోసారి ప్రభు బల్ల, అంటే యేసు చివరి విందుకు గుర్తుగా అందరూ తలో రొట్టె ముక్క తినే ఆరాధన. దానికి పులియని రొట్టె ఆడవాళ్లు వంతులవారీగా చేసి తెచ్చేవారు. ఆ వంతు టీచర్ల ఇళ్లకూ, రైల్వే ఉద్యోగుల ఇళ్లకూ చక్కగా తిరిగేది. మా వీధి మొదట్లోకి వచ్చేసరికి దానికి కాళ్లు పడిపోయేవి! నేను టెన్త్ చదివే ఏడు అమ్మ ఇక ఆగలేదు. స్త్రీల సమాజానికి పెద్దయిన టీచరమ్మగారిని చర్చి ముందరే పట్టుకుంది.

"ఈ నెల రొట్టె నాను సేత్తానమ్మగారూ."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. "నీ భక్తికేం తక్కువమ్మా! కానీ పవిత్రమైన పని కదా, చేతులు శుభ్రంగా ఉండాలి. దేవుడి దగ్గర ఒక పద్ధతంటూ ఉంటుంది."

"క్రిస్మస్‌కి మీ పాయసంలో ఏసిన జీడిపప్పు ఈ సేతులు కొట్టిందే. అప్పుడేటయిపోనాది మీ పద్దతి?"

ఆవిడ మొహం మాడ్చుకుని, రొట్టె తానే తెస్తానని చెప్పి వెళ్లిపోయింది.

అమ్మ ఊరుకుంటుందా? ఆదివారం పొద్దున్నే పిండి కలిపి రొట్టె కాల్చింది. తెల్ల గుడ్డలో చుట్టి తీసుకెళ్లి, టీచరమ్మగారి రొట్టె పక్కనే పెట్టేసింది. "వద్దనాలంటే అయ్యగారే అనాలి," అంది అందరికీ వినబడేలా. పాస్టరుగారు రెండు రొట్టెల వంకా చూస్తూ నిలబడిపోయారు. ఆయన గానీ దాన్ని తీసి పక్కన పెడితే, అమ్మ ఇక జన్మలో ఆ గడప తొక్కదు. ఆయన ప్రార్థన చేసి, రెండూ విరిచి ఒకే పళ్లెంలో కలిపేశారు.

ప్రభు బల్ల పళ్లెం ముట్టకుండా పక్కకు పంపేస్తే, ఆ మనిషి మనసులో ఏదో పాపమో తగవో ఉన్నట్టే మా సంఘంలో లెక్క. వారమంతా అదే చెప్పుకుంటారు. అలా పంపేసిన మా వీధి వాళ్ల గురించి ఆరాలు తీసే మనిషి ఆ టీచరమ్మగారే. ఇప్పుడు పళ్లెం ఆవిడ ముందుకొచ్చింది. ఏ ముక్క ఎవరిదో తెలియదు. చర్చి చర్చంతా ఆవిడనే చూస్తోంది. వేళ్లతో వెతికి వెతికి, చిటికెడు ముక్క తీసి, మాత్ర మింగినట్టు గుటుక్కున మింగేసింది.

ఇంటికి వెళ్లే దారంతా నేను రుసరుసలాడుతూనే ఉన్నాను. "సూసినావా అమ్మా, నమల్నేదు కూడా!"

అమ్మ నడక ఆపలేదు.

"మింగింది గదే. వచ్చే నెల కూడా నానే సేత్తాను. నమల్తాది."