నోటితో నడిచే కరెంటు ఆటో

మా హనుమండ్లన్న కరెంటు ఆటోను నోటితో నడుపుతాడు. చేతులు హ్యాండిల్ మీదే ఉంటాయి, ఇంజన్ చప్పుడంతా నోట్లోంచి వస్తుంది. "డుర్ర్... డుగుడుగుడుగు!" ఎత్తు ఎక్కితే గొంతు బొంగురు చేస్తాడు. బ్రేకేస్తే "కీచ్!"

డీజిల్ బండి ఉన్నప్పుడు ఈ రోగం లేదు. పొగ తగ్గించాలని ఢిల్లీ సర్కారు కరెంటు బండ్లకు రాయితీ పెట్టింది. అన్న పాతదాన్ని తుక్కుకు పంపి కొత్తది తెచ్చాడు. మంచిదే. కూరగాయల గంపతో రోజూ ఇచ్చోడ బజారుకు పోయే నాకు దగ్గు తగ్గింది. చప్పుడు మాత్రం అన్న నోట్లోకి ఎక్కింది.

"పాత బండి దయ్యమై పట్టిందా అన్నా?"

"డుర్ర్... అవు చెల్లె... ఇడుస్తలేదు... డుర్ర్..."

పక్కన కూర్చునే టైలర్ పరశురాములు ఊరుకుంటాడా? "నోటికి పొల్యూషన్ కాయితం తీసినవా? బీడీలు గుంజుతవు గదా!"

అందరం పడీపడీ నవ్వేవాళ్లం. అందరికంటే ఎక్కువ నేనే.

ఒక ఆదివారం నాకు తలనొప్పి. అన్న నోరు మూయించాలని ఉడకబెట్టిన మక్కకంకి చేతిలో పెట్టాను. కంకి అంటే అన్నకు పాణం. నోరు నిండింది. బండి పిల్లిలా పోతోంది. నేను పరశురాములుకు కన్ను కొట్టాను.

మలుపు తిరగ్గానే ఎదురుగా బుచ్చవ్వ. కండ్లు కనబడని ముసలమ్మ. చర్చికని తెల్లచీర కట్టుకుని, కట్టె పట్టుకుని, సరిగ్గా రోడ్డు నడుమ ఉంది. అన్న బ్రేకు తొక్కాడు. మూరెడు దూరంలో ఆగింది బండి. కంకి ఎగిరి ఎక్కడో పడింది.

"ఎవరదీ?"

"నేనే అవ్వా, హనుమండ్లును."

"నీ బండి సప్పుడు రాలే గదరా! ఇంకా రాలేదనుకొని దాటుతున్న."

"మక్కకంకి తింటున్ననే..."

"నీ ఇంజన్ మక్కకంకులు తింటదారా?"

నేను దిగి, ఆమె చెయ్యి పట్టుకుని బండెక్కించాను. చర్చి దగ్గర దించాక అన్నను అడిగాను.

"హారన్ కొట్టొచ్చు గదా అన్నా?"

"రోడ్డంత హారన్లే చెల్లె. ఆమెకెరుకైంది నా డీజిల్ సప్పుడొక్కటే. మలుపు కాడ వినబడితే ఆగుతది, ఎక్కించుకుంట."

"కొత్త బండని చెప్పలేదా?"

"చెప్తే, 'నాకోసం నువ్వు పరేషాన్ గాకు బిడ్డా' అని చర్చికి పోవుడే బంద్ జేస్తది. ఆమెకు ఉన్న ఆసర గా చర్చొక్కటే."

"మాకన్నా చెప్పొద్దా?"

"మీ నోట్ల నువ్వుగింజ నానుతదా? నన్ను జూసి నవ్వుకుంటే నాదేం పోయింది?"

ఆ రోజు గంపలో వంకాయలు ఎవరికెంతకిచ్చానో నాకే తెలియదు. అన్ని నెలలు నవ్వాను గానీ, ఒక్కసారన్నా ఎందుకని అడగలేదు.

మొన్న ఆదివారం, చలికి అన్న గొంతు పూర్తిగా పోయింది. మలుపు వస్తోంది. నేను మొదలుపెట్టాను, "డుర్ర్!" పరశురాములు అందుకున్నాడు. వెనకున్న ముగ్గురూ కలిశారు.

బుచ్చవ్వ రోడ్డు పక్కనే ఆగి, రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందిరా హనుమండ్లూ, ఇయ్యాల లారీ తెచ్చినవా?"