కోడిగుడ్డు బంతి ఆట

మా ఆయన తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా టీవీలు బాగుచేశారు. షాపు తీసేశాక మిగిలిన సామానంతా మా ఇంటి అటకెక్కింది. నేను స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇద్దరమే ఉండేవాళ్లం.

మూడేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఒక్క ‘అది’ మాత్రం మిగిలింది. మంచినీళ్లు కావాలన్నా ‘అది’, ఫ్యాను ఆపమన్నా ‘అది’. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వారానికి మూడుసార్లు వచ్చేది. చేతిలో రబ్బరు బంతి పెట్టి, “పిసకండి అంకుల్, ఇంకొక్కసారి, వెరీ గుడ్” అనేది. ఆయన ఎడమ చేత్తో దాన్ని తీసి విసిరికొట్టేవారు. సన్న తీగల్ని అతికించిన మనిషిని పసిపిల్లాడిలా బుజ్జగిస్తుంటే ఎలా ఉంటుందో నాకు తెలుస్తూనే ఉండేది.

ఒకరోజు అటకకేసి చూపిస్తూ ‘అది, అది’ అన్నారు. స్టూలెక్కి ఒక్కొక్కటే దించాను. పాత రేడియోకి తల అడ్డంగా ఊపారు, మీటరుకీ అంతే. చివరికి ఒక వీడియో గేము డబ్బా దించితే తలూపారు. ఎప్పుడో రేపల్లె నుంచి ఎవరో రిపేరుకిచ్చి, ఊరు మారిపోయి, మళ్లీ రాలేదని అప్పట్లో ఆయన చెప్పినట్టు గుర్తు. దాంతో ఉన్నది ఒకటే క్యాసెట్టు. దాని మీద హెల్మెట్లు పెట్టుకున్న లావుపాటి మనుషులు, కోడిగుడ్డులాంటి బంతి. అమెరికావాళ్ల ఫుట్‌బాల్.

చిన్న పిక్చర్‌ట్యూబు టీవీకి కలిపితే బొమ్మ రాలేదు. ఒక తీగ ఊడిపోయి ఉంది. ఆయన సోల్డరింగ్ ఐరన్ నా చేతికిచ్చారు. పెళ్లయిన ఇన్నేళ్లలో తన పనిముట్లు నన్ను ముట్టుకోనివ్వడం అదే మొదలు. ఆయన వేలితో చూపించారు, నేను అతికించాను. తెరంతా పచ్చబడింది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, మనుషులని చెబితే తప్ప తెలియని గళ్లబొమ్మలు.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చునేవాళ్లం. ఆ ఆట రూల్సు మా ఇద్దరికీ తెలియవు. బంతి పట్టుకున్నవాణ్ణి అవతలి చివరిదాకా పరిగెత్తించాలని మాత్రం నాలుగు రోజులకు అర్థమైంది. ఆయన ఎడమ బొటనవేలితో బటన్ నొక్కి, కుడిచేతి వేళ్లను జాయ్‌స్టిక్ పుల్ల చుట్టూ చుట్టి తోసేవారు. మొదట్లో నేను కావాలనే ఓడిపోయాను. ఆయన కనిపెట్టేశారు. “అది!” అని అరిచి పుల్ల కింద పెట్టేశారు. ఆ తర్వాత నిజంగానే ఆడాను. ఒకసారి ఆయన బొమ్మల్ని తప్పించుకుని చివరికంటా వెళ్లిపోయాను. ఆయన పకపకా నవ్వారు. జబ్బు చేశాక ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. రెండు నెలలయ్యేసరికి కుడి చేత్తో చెంచా పట్టుకున్నారు.

అప్పుడే రేపల్లె నుంచి మా ఆడపడుచు కొన్నాళ్లు ఉండటానికి వచ్చింది. అన్నయ్యంటే ప్రాణం ఆమెకు. వాకిట్లోంచే మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

“ఈ వయసులో పిల్లల ఆటలేంటి వదినా? ఎవరైనా చూస్తే అన్నయ్యకి మతి పోయిందనుకుంటారు.”

“చేతికి మంచిదని...” అంటూ నసిగాను.

నాకు సిగ్గేసింది. వీధిలో సగం మందికి నేను టీచర్‌ని. ఆ సాయంత్రమే టీవీ మీద దుప్పటి కప్పేశాను. మర్నాడు భోజనమయ్యాక ఆయన దుప్పటి వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. “రేపు ఆడదాం లెండి,” అన్నాను. అలా అయిదు రోజులు అన్నాను.

ఆరోరోజు బాపట్లలో మా చెల్లెలి గృహప్రవేశం. ఆయన్ని ఆడపడుచుకి అప్పగించి పొద్దున్నే రైలెక్కాను. అక్కడ భోజనాల వేళకు ఫోనొచ్చింది.

“వదినా, అన్నయ్య ఆ డబ్బా పెట్టమని ఒకటే గొడవ. నాకు పెట్టడం రాదు. ఏం చెయ్యమంటావు?”

పంక్తిలో వడ్డిస్తున్నాను. చేతినిండా సాంబారు బకెట్టు.

“నేనొచ్చాక పెడతానని చెప్పు,” అన్నాను.

తిరుగు రైలు పొన్నూరు దాటుతుండగా మళ్లీ ఫోను. అన్నయ్య పడిపోయాడంటూ ఈసారి ఆమె ఏడుస్తోంది. ఇంటికెళ్లకుండా తిన్నగా ఆసుపత్రికి వెళ్లాను. ఆయన కళ్లు తెరవలేదు. మూడోరోజు పోయారు.

పక్షవాతం రెండోసారి రావాలని ఉంటే ఎలాగైనా వచ్చేదేనని డాక్టరు అన్నారు. ఆటకీ దానికీ సంబంధం లేదని నాకూ తెలుసు. కానీ ఆయన అడిగింది అదొక్కటే. జబ్బు చేశాక ఇంకేదీ అంతగా కోరుకోలేదు.

ఆడపడుచు ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. “ఆ రోజు నాకు ఆ డబ్బా పెట్టడం వచ్చుంటే బాగుండేది వదినా” అంటుంది. ఆమె తప్పేం లేదు. ఒక మాట అంది, అంతే. దుప్పటి కప్పింది నేను, రేపు రేపని అయిదు రోజులు దాటేసిందీ నేనే. ఆ ముక్క ఆమెకు చెప్పాలని ప్రతి ఆదివారమూ అనుకుంటాను. ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, ఫోను పెట్టేస్తాను.