మర్లబడ్డ విమానం

జనగామ బస్టాండులో దిగి ప్రమీల ఇల్లెక్కడ అని అడిగి చూడండి, ఎవరూ చెప్పరు. ఏ ప్రమీల, కుట్టుమిషన్ ప్రమీలా, అంగన్‌వాడీ ప్రమీలా అని మిమ్మల్నే ఎదురు అడుగుతారు. అదే గాలిమోటర్ ప్రమీల అనండి! రిక్షా అతను మీ చేతిలో సంచి మీరు ఇవ్వకముందే లాక్కుని "గట్ల చెప్పరాదు సారూ" అంటూ తొక్కడం మొదలుపెడతాడు.

గాలిమోటర్ అంటే విమానం. గాల్లో పోయే మోటరు. ఇంతకంటే సూటిగా ఆ యంత్రానికి పేరు పెట్టినవాళ్లు ఇంకెవరూ లేరు.

ప్రమీల తండ్రి వెంకట్రాంది బచ్చన్నపేట. పత్తి చేలు, ఎప్పుడూ నిండని చెరువు కింద కాసింత పొలం, ఓడిపోయిన ఒక సర్పంచి ఎన్నిక, ఇవీ ఆయన ఆస్తులు. పిల్ల చదువు కోసమని జనగామలో బస్టాండు ఎదురుగా ఇల్లు తీసుకున్నాడు. తీసుకున్నాడో లేదో అరవై తొమ్మిది ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. చదువుకోడానికి వచ్చిన పిల్లకు చదువు లేదు, ఎదురుగా బస్టాండు ఉంది. ఇంకేం కావాలి! బస్సులు తిరిగిన రోజల్లా ప్రమీల ప్రహరీ గోడెక్కి కూర్చునేది. కండక్టరు నోరు తెరవకముందే "ఆలేరు, భోనగిరి, ఘట్కేసర్, హైద్రబాద్!" అని వీధి చివరిదాకా వినపడేలా కేక పెట్టేది. బస్సు ఎటు పోయేదో తెలుసుకుని అరవాలన్న నియమం అప్పటికి ఆమెకు లేదు. కొమురయ్య అనే ముసలాయన వరంగల్ పోవాల్సినవాడు, ఒకరోజు ఆమె "వరంగల్!" అని పెట్టిన కేక నమ్మి ఆలేరులో తేలాడు. తిరుగు బస్సులో వచ్చి, "ఎవ్వతే నన్ను ఆలేరు తోలింది?" అని గోడ కింద నిలబడి అడిగాడు. పైనుంచి, "నేనే తాతా! ఎట్లున్నది ఆలేరు?" అని జవాబు వచ్చింది.

ఆ గొంతే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. వరంగల్‌లో డిగ్రీ చేసి, ఎనభైల మొదట్లో బేగంపేటలో ఒక విమాన కంపెనీ ఇంటర్వ్యూకు వెళితే, మైకు లేకుండానే గోడలు అదిరేలా మాట్లాడే పిల్ల దొరికిందని సంతోషంగా తీసుకున్నారు. గొంతు విని ఉద్యోగం ఇచ్చారు. తర్వాత మాట విని హడలిపోయారు.

ఎక్కువ హడలిపోయింది ఆఫీసర్ మూర్తిగారు. ఆయనది కృష్ణాజిల్లా. అనౌన్స్‌మెంట్లన్నీ అట్టల మీద రాయించి పెట్టాడు. విమానం బయల్దేరితే ఒక అట్ట, ఆలస్యమైతే ఒక అట్ట, రద్దైతే ఒక అట్ట.

"అట్ట మీద ఉన్నదే చదువు తల్లీ. నీ సొంత కవిత్వం వద్దు. 'జర ఆగుండ్రి' ఏవిటమ్మా, ఇదేమన్నా సంతా?"

"మంచిగనే ఆగిండ్రు గద సార్."

"ప్రొబేషన్ నెలాఖరుకు అయిపోతుంది. నీ మాట మీద ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, పర్మనెంట్ మాట మర్చిపో. జనగామ బస్సు ఎక్కేయ్."

జనగామలో అప్పటికే వెంకట్రాం బిడ్డ ఉద్యోగం గురించి ఎంత గొప్పలు చెప్పుకున్నాడంటే, ఆమె వెనక్కి వస్తే ఆయన మళ్లీ బచ్చన్నపేట పోయి దాక్కోవాలి. ప్రమీలకు మాత్రం వేరే బాధ. విమానం లేస్తుంటే చూసినప్పుడల్లా ఆమె కూడా ఉన్నచోటే మునివేళ్ల మీద లేచేది. ఆ సంబరం వదులుకోవడం ఆమె వల్ల కాదు.

ఆ ఏడు దసరా వెళ్లిన వారంలో తుపాను వచ్చింది. అదృష్టం, మనుషులు బతికారు. కానీ తీరంలో విమానాలు దిగే చోట రేకులు లేచిపోయాయి, రన్‌వే మీద చెట్లు పడ్డాయి. బేగంపేటలో అన్ని సర్వీసులూ రద్దు. హాలంతా జనం. మూర్తిగారు ఆ రోజు చకచకా పనులు పంచాడు. పిల్లలకూ ముసలివాళ్లకూ ముందు ఉప్మా, చాయ్. డబ్బులు వెనక్కి కావాలన్నవాళ్లకు ఒక కిటికీ, వేరే రోజుకు టికెట్ మార్చుకునేవాళ్లకు ఒక కిటికీ. దవాఖాన పని ఉన్నవాళ్లను, పెళ్లిళ్లకు పోయేవాళ్లను పక్కకు తీసి కూర్చోబెట్టారు. విమానం మళ్లీ నడిచిన వెంటనే సీటు వాళ్లకే. మిగిలినవాళ్లకు లాడ్జీ గదులు. అవీ నిండిపోతే? అది తేలక మూర్తిగారు లాడ్జీలకు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు.

అంతలో కబురు వచ్చింది. రద్దు కబురు రాకముందే పొద్దున బయల్దేరిన విశాఖ విమానం సగం దారిలో మబ్బులు చూసి వెనక్కి తిరిగింది, క్షేమంగా వచ్చి దిగుతోంది. మంచి వార్తే. కానీ దీనికి అట్ట లేదు!

"ఏదో ఒకటి చెప్పమ్మా తొందరగా!" అని మూర్తిగారు ఫోన్ దించకుండానే అరిచాడు.

ప్రమీల మైకు అందుకుంది. బచ్చన్నపేట వైపు వాళ్లింట్లో మనిషైనా, ఎడ్లబండి అయినా పోయిన తొవ్వలోనే వెనక్కి తిరిగిందంటే ఒకటే మాట. ఆ మాటే అనేసింది.

"ప్రయాణికులకు మనవి. పొద్దున పోయిన విశాఖ విమానం నడిమిట్ల మర్లబడ్డది."

తలలన్నీ మైకు వైపు తిరిగాయి. ముందు వరసలో రాజ్యలక్ష్మమ్మగారు ఉన్నారు, రాజమండ్రి ఆవిడ. పొద్దున విమానంలో ఒక్కటే సీటు దొరికితే కొడుకును ఎక్కించి, తను సాయంత్రం దానికోసం కూర్చుంది. పక్కనున్న హైదరాబాద్ గుమాస్తాను అడిగింది.

"మర్లబడ్డది అంటే ఏవిటి బాబూ?"

అతను పాపం సాయం చేద్దామనుకున్నాడు. "మీ భాషలో చెప్పాలంటే, తిరగబడింది అండీ."

"తిరగబడిందా! విమానమే!"

ఆవిడ కుర్చీలోంచి జారింది. "బోల్తా కొట్టిందట!" అని వెనక వరస అందుకుంది. ఎవరో ఏడుపు, ఎవరో దేవుణ్ణి పిలవడం, ఎవరో ఉప్మా ప్లేటు విసరడం. ప్రమీల మైకులో "అయ్యో, గట్ల కాదు! మర్లింది, మర్లింది!" అని ఎంత అరిస్తే గోల అంత పెరిగింది. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని, సంచి భుజాన వేసుకుని, రాజ్యలక్ష్మమ్మగారి కొడుకు శేషు నడిచొచ్చాడు.

"అమ్మా, కింద కూర్చున్నావేం? ఆకలేస్తోంది."

ఆవిడ కొడుకును కావలించుకుని, వాడి భుజం మీదుగా ప్రమీలను చూసింది. "నీ పేరేవిటమ్మాయ్? ఇంటికెళ్లి ముందు నీ మీద ఫిర్యాదు చేస్తాను. తర్వాతే కాళ్లు కడుక్కుంటాను."

మూర్తిగారికి అప్పుడే లాడ్జీల సమస్యకూ ప్రమీల సమస్యకూ కలిపి ఒకే ఉపాయం తట్టింది. రైళ్లు ఆగిపోయాయి, సూర్యాపేట రోడ్డు మీద చెట్లు పడ్డాయి. జనగామ, పెద్దవంగర, మానుకోట మీదుగా ఖమ్మం దాకా బస్సు వేద్దాం. అవతలినుంచి ఇంకో బస్సు వాళ్లను అందుకుంటుంది.

"నువ్వే తీసుకెళ్లు. నీ ఊరి దారే కదా. ఆవిడ నోట ఫిర్యాదు లేకుండా దింపి వస్తే సరి. లేదంటే జనగామలోనే దిగిపో, మళ్లీ రానక్కర్లేదు."

మర్నాడు పొద్దున బస్సు బయల్దేరేముందు ప్రమీల జనగామకు ఫోన్ చేసింది. తుపాను గాలికి లైను గరగరలాడుతోంది.

"బాపూ! గాలిమోటరోళ్లను తీస్కొని వస్తున్న! బస్సు నిండ మంది ఉన్నరు! ఏమన్న తిండి చేయించు!"

గరగరల్లోంచి అవతలికి చేరింది సగమే: గాలిమోటర్ తీస్కొని వస్తున్న.

డ్రైవరు బాల్‌సింగ్‌ది నర్సింహులపేట పక్క తండా. నవ్వకుండా జోకులేసే మనిషి. దారి పొడుగునా అంతే. "ప్రమీలమ్మా, మూల మలుపు వస్తుంది. జర మైకుల చెప్పు, బస్సు మర్లబడుతదని." ప్రమీల పళ్లు కొరుక్కుంది. డ్రైవరు వెనక సీట్లోనే రాజ్యలక్ష్మమ్మగారు ముక్కు చీదింది.

జనగామ దగ్గరికి రాగానే బస్సు ఆగిపోయింది. రోడ్డంతా జనం. డప్పులు మోగుతున్నాయి. ఒక్కరూ బస్సు వైపు చూడరు, అందరి తలలూ ఆకాశంలోకే. బాల్‌సింగ్ హారన్ కొట్టాడు.

"జరుగుండ్రయ్యా!"

"నువ్వే జరుగు! గాలిమోటర్ వస్తుంది!"

పక్కన బడి మైదానంలో మేకలన్నిటినీ తోలేసి, కబడ్డీకి గీసినట్టు పొడుగ్గా సున్నం గీతలు గీయించాడు వెంకట్రాం. మధ్యలో చేతిలో బంతిపూల దండతో, మెడ నొప్పెట్టేలా పైకి చూస్తూ నిలబడ్డాడు. ప్రమీల వెళ్లి ఆయన చెయ్యి పట్టి లాగింది.

"బాపూ, కిందికి చూడు. నేనొచ్చిన."

ఆయన బిడ్డను చూశాడు, బస్సును చూశాడు, చుట్టూ తిరిగి మళ్లీ చూశాడు.

"గిదేంది బిడ్డా? రెక్కలేవి?"

"గాలిమోటర్ కాదే బాపూ, గాలిమోటరోళ్లు!"

ఊరంతా వింటోంది. వెంకట్రాం ఆ సర్పంచి ఎన్నిక ఊరికే ఓడలేదు, మాట మార్చడం ఆయనకు అప్పుడే అబ్బింది. దండ తీసి బాల్‌సింగ్ మెడలో వేసి, "రెక్కలు తుపాన్ల తడిసినయట! ఆరేదాక బస్సుల తిరుగుతున్నరు పాపం!" అని ప్రకటించాడు. ఒక్కసారిగా నవ్వులు. శేషు కడుపు పట్టుకుని బస్సు మెట్ల మీద కూలబడ్డాడు. రాజ్యలక్ష్మమ్మగారికి నవ్వొచ్చింది కానీ పెదవి కొరికి ఆపుకుంది.

ప్రమీల తల్లి అహల్య మాత్రం గాలిమోటర్ వచ్చినా రాకున్నా వచ్చేవాళ్లకు ఆకలుంటుందని సర్వపిండి కాల్పించింది. గిన్నెకు అద్ది కాల్చిన బియ్యప్పిండి రొట్టె, నువ్వులు, పల్లీలు, ఎల్లిగడ్డ కారం. రాజ్యలక్ష్మమ్మగారు ఒక ముక్క అనుమానంగా తింది. రెండోది అనుమానం లేకుండా తింది.

"వదినెగారూ, మా పిల్ల మీద కోపమా?" అని అహల్య అడిగింది.

"కోపం కాదండీ, ఫిర్యాదు. అది వేరు, ఇది వేరు. ఇంకో ముక్క వెయ్యండి."

మధ్యాహ్నానికి పెద్దవంగర దాటారు. ఊరవతల వాగు రోడ్డు మీదికి వచ్చింది. నీళ్లు మోకాలి లోతు కూడా ఉన్నట్టు లేవు. ముందు ఎవరిదో ఎడ్లబండి పోయిన జాడ ఉంది. బాల్‌సింగ్ మెల్లగా బస్సును నీళ్లలోకి దింపాడు. ప్రమీల వెనకాల, వాంతులు చేసుకుంటున్న ఒకాయనకు నిమ్మకాయ వాసన చూపిస్తోంది.

అవతలి గట్టు మీద యాకమ్మ అనే ఆమె మేకలు మేపుతోంది. నీళ్ల కింద రోడ్డును మోసే మోరి, అదే కల్వర్టు, కొట్టుకుపోయిన సంగతి ఆమెకు తెలుసు. కొంగు ఊపుతూ గుండెలు పగిలేలా అరిచింది.

"మర్లబడుండ్రీ! ఓ మోటరాయినా! మర్లబడుండ్రీ!"

ఇంజను హోరులో బాల్‌సింగ్‌కు వినపడలేదు. వెనకున్న ప్రమీలకూ వినపడలేదు. కిటికీ దగ్గర కూర్చున్న రాజ్యలక్ష్మమ్మగారికి వినపడింది. ఆ మాట! నిన్నటినుంచి చెవిలో ముల్లులా గుచ్చుకున్న మాట, కొడుకు వెనక్కొచ్చాక అర్థమైన మాట! ఆవిడ ఒక్క ఉదుటున లేచి, కళ్లజోడు డబ్బాతో బాల్‌సింగ్ భుజం మీద టకటకా కొట్టింది.

"మర్లబడు నాయనా! మర్లబడు! తిరగబడకముందే మర్లబడు!"

బాల్‌సింగ్ ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. బస్సు గుర్రుమంటూ వెనక్కి వచ్చింది. గట్టెక్కి చూస్తే, ముందు చక్రాలు ఆగిన చోటికి కాస్త అవతల రోడ్డు ముక్క ఒకటి బెల్లంగడ్డలా కరిగి వాగులోకి జారిపోయింది.

బస్సులో అందరూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. బాల్‌సింగ్ మెడలోంచి బంతిపూల దండ తీసి రాజ్యలక్ష్మమ్మగారి మెడలో వేసి దండం పెట్టాడు. "అవ్వా, రేపటి సంది నువ్వే డ్రైవర్వి. నేను టికెట్లు కొడత." ఆవిడ ఈసారి నవ్వు ఆపుకోలేదు. దండ సర్దుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, వంగి వంగి నవ్వింది.

ఆ సాయంత్రం పెద్దవంగర బడిలో అందరికీ చోటు దొరికింది. మర్నాడు వాగు తగ్గాక, యాకమ్మ ముందు నడిచి గట్టి నేల చూపిస్తే, ప్రయాణికులు చేతులు పట్టుకుని దాటారు. అవతల ఖమ్మంనుంచి వచ్చిన బస్సు ఆగి ఉంది. ఎక్కేముందు రాజ్యలక్ష్మమ్మగారు ప్రమీల గడ్డం పట్టుకుంది.

"నా ఫిర్యాదు సంగతి మర్చిపోయాననుకోకు."

ప్రమీల ఆవిడ సంచి అందించి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది.

ఇల్లు చేరగానే ఆవిడ నిజంగానే ఫోన్ చేసింది. మూర్తిగారు రెండు చేతులా రిసీవర్ పట్టుకుని విన్నాడు.

"మీ అట్టలు దండగ. కష్టంలో పనికొచ్చే మాట వాటి మీద ఒక్కటీ లేదు. ఇదే నా ఫిర్యాదు. ఇంకోటి, ఆ అమ్మాయిని తీసేశారంటే నేను మర్లబడతాను."

"వెనక్కొచ్చేస్తారా అండీ?"

"దానికి ఇంకో అర్థం కూడా ఉందట. దారిలో డ్రైవరు చెప్పాడు. మీ అమ్మాయిని అడిగి తెలుసుకోండి."

అడిగాడు. ప్రమీల నేల చూపులు చూస్తూ చెప్పింది: "అంటే, ఎదురు తిరుగుడు సార్." మూర్తిగారు ఆమె ఫైలు దగ్గరికి లాక్కున్నాడు. నెలాఖరుకు ప్రమీల పర్మనెంట్ అయింది. ఒక కొత్త అట్ట కూడా వచ్చింది: విమానం క్షేమంగా వెనక్కి తిరిగి వస్తోంది. ప్రమీల దాన్ని ఉన్నదున్నట్టు చదువుతుంది. చదివాక మైకు ఆపేముందు చిన్నగా, "అంటే మర్లబడ్డదన్నట్టు, భయపడకుండ్రి" అంటుంది. మూర్తిగారు విననట్టు ఉంటాడు.

పర్మనెంట్ వాళ్లకు ఇంటివాళ్లను విమానం ఎక్కించుకునే వసతి ఉంది. మొదటి వంతు వెంకట్రాంది. తెల్ల ధోవతి కట్టుకుని, బెల్టు బిగించుకుని, ఊరు ఊరంతా తన పక్కనే కూర్చున్నంత దర్జాగా కూర్చున్నాడు. విమానం రన్‌వే చివరిదాకా మెల్లగా పోయింది. అక్కడ ఆగి, లేవడానికి ముందు ముక్కు ఇటువైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది.

వెంకట్రాం కిటికీలోంచి చూశాడు. బచ్చన్నపేట చెరువు కట్ట మీదినుంచి అవతలి గట్టుకు వినపడే గొంతుతో అరిచాడు.

"బిడ్డా! మర్లబడ్డది!"

పక్క సీటులో ఉన్న గుంటూరు ఆయన పేపరు దించాడు. "ఏవిటండీ, ఏమైంది?"

ప్రమీల రెండు చేతులతో తండ్రి నోరు మూసింది.