అచ్చియమ్మ అడిగిన వాయిదా

ముంచింగిపుట్టు దాటి, జీపు దిగి కొండెక్కితే వచ్చే ఆ ఊళ్లో స్వర్ణ తోడు లేకుండా ఎవరూ ఆఫీసు గడప తొక్కరు. ఆసుపత్రికైనా, బ్యాంకుకైనా, పాడేరు కోర్టుకైనా పక్కన ఆ పిల్ల ఉండాల్సిందే. పెద్దవాళ్లకు వచ్చింది కువి భాష. తెలుగంటారా, సంతలో పసుపు అమ్ముకునేంత. డిగ్రీ చదివిన స్వర్ణకు రెండూ గలగలా వచ్చు. ఇందరి తరఫున మాట్లాడే ఆమెకు తనకంటూ ఉన్నది ఒక్కటే కోరిక, లాయరు కావాలని. దానికి లాసెట్ రాయాలి. నిరుడు సరిగ్గా పరీక్ష రోజునే పక్కింటి కనకకు నొప్పులొస్తే ఆసుపత్రికి తోడు వెళ్లింది. అంతకు ముందేడు పోడు భూముల సర్వే వచ్చిపడింది.

ఈ ఏడు మరీ చోద్యం. విశాఖలో పరీక్ష ఉన్న రోజునే పాడేరులో ఆమె మేనత్త అచ్చియమ్మ భూమి కేసు. అచ్చియమ్మ దున్నుకుంటున్న మెట్టను, మైదానం నుంచి వచ్చిన షావుకారొకడు తనదంటున్నాడు. వకీలును పెట్టుకునే స్తోమత ఆమెకు లేదు. స్వర్ణ లేనప్పుడు ఒకసారి ఎవరో తర్జుమా చేశారు. అచ్చియమ్మ కుండెడు అన్నం ఉడికేంతసేపు చెప్పుకొస్తే, ఆ పెద్దమనిషి "భూమి తనదేనంటోందండి" అని తేల్చేశాడు. ఆ మాత్రానికి ఎవరు తీర్పిస్తారు?

 ఈసారి వదిలేస్తే మళ్లీ పుస్తకం ముట్టనని స్వర్ణకు తెలుసు. అయినా మనసు రాయి చేసుకుని, చోళ్లు చెరుగుతున్న అత్త ముందు కూర్చుని, పరీక్ష వచ్చే ఏడు రాస్తానంది.

అచ్చియమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏటే గుంటా, ఎన్నిసార్లు సెప్తావు ఆ మాట? సారు రాలేదని ఓపాలి, షావుకారుకి జొరమని ఓపాలి, ఆళ్లకి తోసినప్పుడల్లా వాయిదా ఏసీసినారు. మనమెప్పుడైనా అడిగినామేటి? ఈ పాలి మనం అడుగుదాం."

"ఒప్పుకోకపోతేనో అత్తా? నువ్వొక్కదానివి ఏటి సెప్తావు?"

"అది నాను సూసుకుంటాను. నేల నా కాళ్లకిందే ఉంది, లెగిసి పారిపోదు. నీ ఏడు పోతే మళ్లీ రాదు. బేగెల్లి సదువుకో."

స్వర్ణ వెళ్లింది. పరీక్ష బాగానే రాసింది. గేటు దాటగానే, అత్తకు తోడెళ్లిన ఊరిపెద్ద సోంబరుకు ఫోన్ చేసింది.

"ఏటైంది మామా?"

సోంబరుకు నవ్వు ఆగడం లేదు. పేరు పిలవగానే అచ్చియమ్మ ముందుకెళ్లి నిలబడిందట. తర్జుమాకు ఎవరినైనా పిలవమంటావా అని కేసు వింటున్న అధికారి అడిగితే అక్కర్లేదని చెయ్యి ఊపిందట. తన సంత తెలుగులోనే వాయిదా అడిగి, ఇప్పించుకుని మరీ బయటకొచ్చిందట.

"నా గుండె పొంగిపోయిందనుకో. వాయిదా ఎందుకమ్మా అని సారు అడిగినాడు. మీ అత్త ఏటందో తెలుసా?"

"ఏటంది?"

"మా వకీలు పరీచ్చకెల్లింది బాబూ, అంది."