గురవమ్మ పాట ఎక్కించుకున్న డబ్బా

గురవమ్మ వేళ్లు మిరపకాయ తొడిమ మీద పట్టు దొరక్క జారిపోవడం మొదలై చాలా ఏళ్లయింది. అయినా నకరికల్లు పక్కన వాళ్ల ఊరి కోతల ముఠా ఆమెను ఏ ఏడూ వదిలిపెట్టలేదు. జాలితో కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, కాయల ఘాటుకి కళ్లూ ముక్కూ కారుతుంటే, మనుషుల్ని సాలు చివరిదాకా నడిపించేది గురవమ్మ పాటే. అందుకే ఆ ముఠాలో ఒక కట్టుబాటు ఉండేది. పాడే మనిషి సాలు వెనకబడకూడదు. అటు సాలు మనిషీ ఇటు సాలు మనిషీ తమ మొక్కలతో పాటు ఆమె మొక్కలకూ చెయ్యేసేవాళ్లు. సాయంత్రానికి ఆమె సాలు కూడా అందరితో పాటే గట్టుకు చేరేది. దాన్ని సాయమని ఎవరూ అనలేదు, ఆమే అనుకోలేదు.

ఆ పాటలు ఎక్కడో నేర్చుకున్నవి కావు. చేలోకి దిగాక అప్పటికప్పుడు కట్టేది. ఎవరి అత్త దొంగచాటుగా సెల్‌ఫోన్ చూస్తుందో, ఎవరి మొగుడు సంతలో మేకను కొనబోయి తగాదా కొనుక్కొచ్చాడో అన్నీ అందులో ఉండేవి. వెనకబడిన పిల్ల పేరు పాటలో పడిందంటే, ఆ పిల్ల సిగ్గుపడి నవ్వుకుంటూ చేతులు చురుగ్గా ఆడించేది. తక్కినవాళ్లు వంత పాడేవాళ్లు.

మొగుడు పోయి, పిల్లల్లేని గురవమ్మ మేనల్లుడి ఇంటి పంచలో ఉంటోంది. పొద్దున్నే ముఠా ఆటో వచ్చి ఆగి, ఆమె ఎక్కినన్నాళ్లే ఆ ఇంట్లో ఆమెకు వేడన్నం. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఒకసారి జ్వరమొచ్చి వారం పడుకున్నప్పుడు కంచం ముందుకొచ్చిన తీరు చూసి ఆమెకే అర్థమైంది. అప్పటినుంచి ఒళ్లు కాలిపోతున్నా ఆటో ఎక్కేది.

ఈ ఏడు కోతలకు మనుషులు దొరకడం గగనమైపోయింది. మాచవరం వైపు రైతులు చేలో స్పీకర్లు పెట్టి పాటలు మోగిస్తున్నారని, వయసు పిల్లలంతా అటే చూస్తున్నారని ముఠా మేస్త్రి ప్రశాంతి, చేను రైతు వెంకట్రామయ్య చెవిన వేసింది. చేనంతా పండి ఎర్రగా నిలబడితే ఏ రైతుకైనా నిద్రపడుతుందా? ఆయన నరసరావుపేటలో ఫోన్లూ స్పీకర్లూ అమ్మే షాహిద్‌కి కబురు పెట్టాడు. కొట్లో మోగితే చాలదు, చేలో మోగించి చూశాకే కొంటానన్నాడు.

షాహిద్ బండి మీద మూడు బ్లూటూత్ స్పీకర్లు కట్టుకొచ్చాడు. మొదటిది సీసాలాగా గుండ్రంగా, గుడ్డ తొడుగుతో ఉంది. చేతిలో ఇమిడిపోతుంది, దుమ్ముకీ నీళ్లకీ జంకదు, పొద్దున చార్జింగ్ పెడితే సాయంత్రం దాకా వస్తుంది. నాలుగు గోడల మధ్య అయితే అదరగొట్టేదే. ఇక్కడ కాసిని సాళ్లు దాటేసరికి దాని గొంతుని గాలి ఎత్తుకుపోయింది. రెండోది రంగు లైట్లున్న చక్రాల పెట్టె. పొరుగు చేలకూ వినపడింది గానీ, ఆ దడదడలో ఒక్క మాటా తెలిసి చావలేదు. పైగా దాన్ని సాళ్ల మధ్య మోసేదెవరు? అన్నాల వేళకే దాని చార్జింగ్ అయిపోతుందని షాహిదే ఒప్పుకున్నాడు. మూడోది పిడి ఉన్న నల్ల డబ్బా, చూడ్డానికి ఏమంత బాగుండదు. మూడింటికీ ఒకటే రోగం. ఫోన్ దగ్గరుండాలి. ఫోన్ ఉన్న మనిషి మంచినీళ్లకని గట్టుకు పోతే పాట ఆగిపోతుంది, ఎవరైనా ఫోన్ చేసినా అంతే. మూడోదానికి మాత్రం మెమరీ కార్డు పెట్టుకోవచ్చని, అప్పుడు ఫోన్‌తో పనే లేదని షాహిద్ చెప్పాడు.

వెంకట్రామయ్య ఎటూ తేల్చుకోలేకపోయాడు. పాట సంగతి నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు, నువ్వే తేల్చమని గురవమ్మను పిలిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక రైతు ఆమెను సలహా అడగడం అదే మొదలు. ఆ మాటకే ఆమె పొంగిపోయింది. అక్కడే ఆమె బుద్ధి గడ్డి తిన్నది.

కొంగు నడుముకు చుట్టి, చేనుకు అవతలి గట్టు దాకా నడిచిపోయి, షాహిద్ మూడింటినీ మోగిస్తుంటే విన్నది. సినిమా పాటలతో ఏమీ తెలియడం లేదని, మనిషి గొంతు పెట్టి చూడమని తిరిగొచ్చి చెప్పింది. అయితే నువ్వే పాడు అవ్వా, రికార్డు చేస్తానని షాహిద్ ఫోన్ చాపాడు. పాడింది. మళ్లీ అవతలి గట్టుకు పోయి విన్నది. నల్ల డబ్బాలోంచి తన గొంతు ఒక్క అక్షరం చెదరకుండా చేనంతా దాటి వచ్చింది.

"ఇదే తీసుకో అయ్యా. మాట విరగకుండా వస్తంది," అన్నది గురవమ్మ.

ఇంకేముంది, ఇంకొకటి, ఇంకొకటి అని ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఆమె అన్నం మూట విప్పకుండా ఫోన్ ముందు కూర్చుని, అందరి పేర్లూ వచ్చేట్టు, తనకు గుర్తున్న మంచి పాటలన్నీ పాడింది. షాహిద్ వాటిని కార్డులోకి ఎక్కించాడు. ఆ పూట ఆమె సంబరం చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది.

మర్నాడు అన్నాల దగ్గర వెంకట్రామయ్య కొన్న డబ్బా మంచీచెడ్డా చర్చకొచ్చింది. దానికి దాహం లేదు, దగ్గు రాదు, గొంతు పూడుకుపోదు అని ఒకళ్ల తర్వాత ఒకళ్లు మెచ్చుకున్నారు. ఎవరు వెనకబడ్డారో దానికి కనపడదు గదా అని గురవమ్మే నవ్వుతూ దాని లోపం చెప్పింది. నిజమేనని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, తినడం అయ్యాక మళ్లీ దాన్నే మోగించుకున్నారు.

డబ్బాతో పాటు గురవమ్మ గొంతు కలపబోతే రెండూ కొట్టుకుని గందరగోళమైంది. కాసేపు ఊరుకో పెద్దమ్మా అని ప్రశాంతి మెత్తగానే చెప్పింది. గురవమ్మ ఊరుకుంది. కాసేపటికి తల తిప్పి చూస్తే అటు సాలూ ఇటు సాలూ దూరంగా వెళ్లిపోయాయి. ఆమె మొక్కల కాయలు ఆమె మొక్కలకే ఉన్నాయి. నా సాలు అందుకోరేమే అని పక్క పిల్లను అడిగింది. ఆ పిల్ల పొగరుగా అనలేదు, నిజంగానే అడిగింది.

"పాడేది డబ్బా గదా అవ్వా, నీకేం అడ్డం?"

డబ్బా చార్జింగ్ ఎప్పుడైపోతుందా అని గురవమ్మ ఆశగా చూసింది. అయిపోయింది కూడా. ఆమె గొంతు సవరించుకునేలోపే ప్రశాంతి సంచిలోంచి పవర్‌బ్యాంకు తీసి తగిలించింది.

కోతల గుత్త కూలి ముఠా మొత్తానిది. ఒక సాలు ఆగితే అందరి పొద్దూ పోతుంది. వయసు పిల్లలు సణగడం మొదలుపెట్టారు. వెంకట్రామయ్య గట్టు మీద నిలబడి, కాయలతో అట్లాగే మిగిలిపోయిన సాలు ఎవరిదని అడిగాడు. ఆ సాయంత్రం ఆటో దిగాక ప్రశాంతి ఆమెను పక్కకు తీసుకుపోయి, రేపటినుంచి రావద్దని చెప్పింది. చెప్తూ తనే ఏడ్చింది. చెడ్డ మనిషి కాదు, ముఠాను నిలబెట్టుకోవాల్సిన మనిషి.

గురవమ్మ బతిమాలలేదు. ఒక్కటే అడిగింది.

"అయితే అందులో నా పాటలు తీసెయ్యవే."

"ఎట్టా తీసేది పెద్దమ్మా? అందరూ అయ్యే అడుగుతున్నారు."

ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పొద్దున్నే అలవాటుగా లేచి, తలపాగా గుడ్డ భుజాన వేసుకుని, పంచ చివర స్తంభం చాటున కూలబడింది. ఆటో మలుపు తిరిగింది. ఆటోకంటే ముందు ఆమె గొంతే వచ్చింది. మేక తగాదా పాట. లోపల ఆడవాళ్లు నవ్వుతూ వంత పాడుతున్నారు. గుమ్మం ముందు ఆటో నెమ్మదించను కూడా లేదు. తను చచ్చిపోయినా ఈ పాట ఇట్లాగే ఈ దారిన పోతుందని, తను లేదని ఎవరికీ తెలియను కూడా తెలియదని గురవమ్మకు అనిపించింది.

లోపల్నుంచి మేనల్లుడి భార్య పొయ్యి ఆర్పేసి బయటికొచ్చింది. స్తంభం పక్కన మనిషిని చూసి ఉలిక్కిపడింది.

"ఏంది అత్తా, ఇక్కడున్నావు? ఆటోలో నీ పాట వినపడితే ఎక్కిపోయావనుకున్నా. నీకు అన్నం కూడా పెట్టి ఉంచలా."

గురవమ్మ రోడ్డువైపే చూస్తూ ఉంది. పాట ఇంకా సన్నగా వినపడుతూనే ఉంది.

"నన్ను దింపేసి దాన్ని ఎక్కించుకున్నారే," అంది.