నోటితో రాసిన పరీక్ష

మొన్న రాయచూరు జిల్లా సిరవారలో మా మనవరాలి బడికి వెళితే, అక్కడి కుర్ర పంతులమ్మ నన్ను కూర్చోబెట్టి, ఈ పిల్లకు బుర్ర చురుకే గాని రాత కుదరదండీ, అందుకని పరీక్షలో నోటితో చెప్పనిస్తున్నాం, మీరేం బెంగపడకండి అని ఎంతో అనునయంగా చెప్పింది. నాకు నవ్వాగలేదు. పాపం, ఆవిడ నన్నేమనుకుందో! ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది మరి, అదీ కన్నకూతుర్ని ఏడిపించాక.

పోతనాళ దగ్గర మా క్యాంపు బడిలో నేను పంతులమ్మగా ఉన్న రోజుల్లో, మా అమ్మాయి నా దగ్గరే చదివేది. నోటిలెక్కల్లో నన్నే తికమకపెట్టే పిల్ల, పలక చేతికిస్తే తన పేరే మూడు రకాలుగా రాసేది. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద భూములు కొని, క్యాంపు వేసుకుని స్థిరపడ్డవాళ్ళం కదా, ఇంట్లో తెలుగూ బళ్ళో కన్నడమూ కలిసి పిల్లను గందరగోళపెడుతున్నాయని నేనే తేల్చేసి, ఇంట్లో తెలుగు పుస్తకాలన్నీ అటకెక్కించాను. రాత బాగుపడలేదు సరికదా, దానికి ప్రాణమైన కథలు కూడా పోయాయి. పంతులమ్మ కూతురికి రాయడం రాదంటే నామర్దా అని ఒక్కో మాటా వందసార్లు రాయించాను. నాలుగో తరగతికొచ్చేసరికి బడి పేరెత్తితే చాలు, దానికి కడుపునొప్పి.

ఆ ఏడు దాన్ని అదే తరగతిలో ఆపేద్దామన్నారు మా పెద్దమాస్టారు. ఆపితే అది మళ్ళీ బడి గడప తొక్కదని నాకు తెలుసు.

ఆ దిగుల్లోనే, మా పొలంలో దాళ్వా పంటకు నాట్లు వేస్తున్న కూలీలకని మజ్జిగ పట్టుకెళితే, ముఠా పెద్దావిడ మా అమ్మాయిని వెంటేసుకుని గట్ల మీద తిరుగుతోంది. అన్నీ వంకరటింకర మళ్ళే. పిల్ల మడి చుట్టూ ఒక్కసారి నడిచి, దీనికిన్ని కట్టల నారు అని చెబితే, ఆవిడ అన్నే వేయిస్తోంది. సాయంత్రానికి నారు మిగలలేదు, చాలకపోనూ లేదు. నీకెలా తెలిసిందే అంటే, పక్క మడిని మనసులో మడతపెట్టి దీనిమీద పరిచానమ్మా అంది, అందరూ చేసే పనే అన్నట్టు. గట్టు మీదే కూలబడి ఏడ్చేశాను.

మర్నాడే వెళ్ళి నోటిపరీక్ష పెట్టమని అడిగాను. పెద్దమాస్టారిది పాత రాయచూరు తెలుగు కుటుంబం, మాటా అక్కడిదే. “ఏంది టీచరమ్మా, గిట్ల నోటితోని చెప్తే పరీక్ష ఎట్లయితది?” అన్నారు. ఒక్కసారి మీరే అడిగి చూడండని బతిమాలాను. అయిదు ప్రశ్నలతో సరిపెడదామని కూర్చున్న మనిషి అన్నం గంట కొట్టినా లేవలేదు. చివరికి పకపకా నవ్వి, “ఫెయిలయింది మీ బిడ్డ కాదమ్మా, మనమే” అంటూ పాస్ చేశారు.

ఇప్పుడు మా అమ్మాయి ఇళ్ళకు ప్లాన్లు గీస్తుంది. అర్జీ రాయాలంటే మాత్రం మా అల్లుడి వెంట పడుతుంది!

ఈ కాలం పిల్లల్ని చూస్తే నాకు నిజంగా సంతోషమే. కానీ నా తరగతిలో వెనక వరసలో ఇంకో నలుగురైదుగురు ఉండేవారు. మొద్దులని పేరుపెట్టి అక్కడ కూర్చోబెట్టింది నేనే. వాళ్ళ అమ్మలు పంతులమ్మలు కారు, నాట్లకు పోయేవాళ్ళు. మా అమ్మాయి గట్టెక్కిన తర్వాత కూడా, వాళ్ళనూ ఒక్కసారి నోటితో అడిగి చూడాలని నాకు తోచనే లేదు.