ఫైలకా దీవిలో గుప్పెడు మట్టి

మొన్న కువైట్‌లో ఉన్న నాకు మా అక్క ఊరినుంచి ఫోన్ చేసి, "ఒరేయ్, ఈ ఏడన్నా మీ బావకు నీళ్లొదులుదాంరా. నా కండ్లు మూతపడకముందే ఆయనకో దారి చూపిద్దాం" అంది. ఇరాక్ దండు కువైట్ మీద పడిన ఏడాది బావ ఫైలకా దీవిలో కనిపించకుండా పోయాడు. అక్కడ విదేశీ పండితులు గ్రీకుల నాటి పట్నాన్ని తవ్విస్తుంటే తట్టలతో మట్టి మోసేవాడు. శవం దొరకని మనిషికి దర్భలతో బొమ్మ కట్టి దహనం చేయడం మా ఇళ్లలో ఆచారం. ఆ బొమ్మ గుండెలో మనిషి చివరగా తిరిగిన చోటి మట్టి గుప్పెడు పెట్టాలి. ఆ గుప్పెడు లేకనే కర్మ ఆగిపోయింది, అక్క నుదుట బొట్టు ఉండిపోయింది.

సరేనని ఓ శుక్రవారం దీవి చూడబోయే యాత్రికులతో పడవెక్కాను. బడి అయిదో తరగతితోనే మానేసినా, ఇక్కడి అమ్ఘరా తుక్కు యార్డులో పని చేసినన్నాళ్లూ తూకానికొచ్చిన పాత పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. అలెగ్జాండర్ పోయాక ఈ దీవిలో దిగిన గ్రీకుల సంగతి గైడుకంటే నాకే ఎక్కువ తెలుసు. ఊరుకోలేక రెండుచోట్ల అతన్ని సరిదిద్దాను కూడా. ఆ తర్వాత అతను నావైపు చూడడమే మానేశాడు. ఇనుప కంచె వెనక మోకాలెత్తు గోడలు, ప్రతి రాయికీ ఒక నంబరు. ఇది గుడి, ఇది బలిపీఠం, ఇక్కడ సైనికులు వండుకునేవాళ్లు అని వేలుపెట్టి చూపిస్తున్నాడు. "ఈ మట్టి మోసిన మనుషుల పేర్లు ఎక్కడన్నా రాసిపెట్టారా?" అని నాకొచ్చిన హిందీలో అడిగాను. "కూలీల లిస్టు ఎవరు దాస్తారు చాచా!" అని నవ్వాడు.

జనం ముందుకు కదిలాక వంగి, కంచె కిందుగా చెయ్యి పెట్టి గుప్పెడు తీశాను.

"ఓ అన్నా! ముట్టగాకు, కెమెరా ఉండాది. నీతోపాటు నా ఇఖామా గూడా ఖలాస్, ఈ దేశంలో ఉండనీరు!"

కాపలావాడు మన రాయచోటి మనిషే. సంగతంతా చెప్పాను. కాసేపు తల గోక్కున్నాడు. "తీసకపోయినా నీకు పనికిరాదన్నా. తవ్విన గుంతలు చెడిపోతాయని బయటినుంచి ఇసక తెచ్చి పూడ్చినారు. మీ బావ తొక్కిన నేల దీని కింద యాడుందో యెవురికి తెలుసు?"

"కూలీలుండిన గదులో?"

"అవెప్పుడో బుల్డోజరుతో నెట్టేసినారు."

గుప్పిట విప్పేశాను. గ్రీకులు అన్నం వండుకున్న చోటుకు కంచె కట్టి కాపలా పెట్టారు. మా బావ వండుకున్న చోటును చదును చేసి పారేశారు. ఎవరి మీద అరవను?

సాయంత్రం అక్కకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పేశాను. "యాడిదో మట్టి తెచ్చి ఆయనదే అనలేదు, అంతే చాల్లే నాయనా. ఇంక నన్ను పంపేటప్పుడు బొట్టుతోనే పంపండి" అని పెట్టేసింది.

రెండువేల ఏళ్లనాటి మనుషులను కాలం అంత భద్రంగా దాచిపెట్టింది. ముప్పయ్యైదేళ్ల కిందటి మా బావ దాని లెక్కకు ఇంకా పాతబడలేదేమో, అంతవరకు ఆగడానికి మా అక్కకు ఆయుష్షు లేదు.